బడి చివరి రోజు

ఏప్రిల్ నెల వచ్చేసరికి మన ఇళ్ళలో రెండు ప్రశ్నలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "టిక్కెట్లు కొన్నారా?" రెండవది, "పరీక్షలు అయిపోయాయి గదా, ఇంక బళ్ళో చెప్పేదేముంది?" అమెరికా ఉత్తరాది రాష్ట్రాలలో బడి జూన్ మూడో వారం దాకా, కొన్నిచోట్ల నాలుగో వారం దాకా నడుస్తుంది. అయినా మే నెలాఖరుకే పిల్లల్ని మాన్పించి విమానం ఎక్కించే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. మామిడిపళ్ళు అయిపోకముందే చేరాలి, జూన్ నడిమికి టిక్కెట్ల ధర పెరుగుతుంది, ఎవరి పెళ్ళి ముహూర్తమో మే చివరనే కుదిరింది. కారణాలన్నీ సబబైనవే. వాటి వెనక మాత్రం ఒక నమ్మకం ఉంది. ఆ చివరి మూడు వారాలూ ఆటలూ, పాటలూ, కప్‌కేకులూ తప్ప చదువు కాదని. ఈ నమ్మకం మనకు ఎలా వచ్చిందో, అసలు చిన్నపిల్లల బడికి "సంవత్సరం ముగింపు" అనేది ఎప్పుడు పుట్టిందో తీరిక దొరికినప్పుడల్లా కొంత చదివాను. వైద్యుడినైన నాకు చరిత్రతో పనేమిటని మీరు అడగవచ్చు. ఈ కథలో ముఖ్యపాత్రలు ఇద్దరు డాక్టర్లేనని ముందుగా మనవి చేసుకుంటాను.

మొదట మన వైపు సంగతి. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, రాజధానిలోని బడుల లెక్కలు పంపమని జిల్లా కలెక్టర్లందరినీ ఆదేశించాడు. నాలుగేళ్ళకు ఆ జవాబులన్నీ కూడి, 1826 మార్చిలో ఆయన తేల్చిన లెక్క: 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు. అంటే ఇంచుమించు వెయ్యిమందికి ఒక బడి. వచ్చిన జవాబులలో అన్నిటికన్నా వివరమైనది బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో రాసినది. ఈయన తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ దొరే. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది కనుక ఇది మన కథే. ఆయన లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు అరవైమంది. ఆ అరవై అన్న అంకె దగ్గర కాసేపు ఆగక తప్పదు.

కాంప్‌బెల్ రాసిన దానిలో నన్ను పట్టుకున్నది బడి ప్రారంభం వర్ణన. పిల్లవాడికి ఐదేళ్ళు రాగానే పంతులుగారినీ, బడి పిల్లలందరినీ ఇంటికి పిలుస్తారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటారు. కొత్త పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ప్రార్థన పలికించి, బియ్యంలో వేలు పట్టి దేవుడి పేరు రాయిస్తారు. పంతులుగారికి కానుక ఇచ్చి పంపుతారు. మన అక్షరాభ్యాసమే. న్యూజెర్సీలోనూ, టెక్సాస్‌లోనూ గుళ్ళలో ఈనాటికీ మనం చేయిస్తున్నదే. ఆ మర్నాటి నుంచి ఉదయం ఆరింటికల్లా బడి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, వాడు మెప్పుకూ తగడు, తిట్టుకూ తగడని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ.

మొదలు ఇంత సంబరంగా చెప్పిన కలెక్టరు ముగింపు గురించి చెప్పింది చాలా తక్కువ. కొందరు పిల్లలు పద్నాలుగు పదిహేనేళ్ళు చదువుతారు, చాలామంది ఐదేళ్ళే. ఇంట్లో జరుగుబాటు లేక, పనికి మనిషి కావలసి, తల్లిదండ్రులు మాన్పిస్తారు. అంతే. వినాయకుడు లేడు, బియ్యం లేవు, తోటిపిల్లలు ఇంటికి రారు. ఒక రోజున ఆ కుర్రాడి పలక బడికి రాదు. వీధి బడిలో తరగతులు లేవు కనుక తరగతి ముగియడమనేది లేదు. ప్రతి పిల్లవాడూ తన పుస్తకంతో, తన నడకతో పోయేవాడు. గుణింతం అయ్యాక ఒక శతకం, అది అయ్యాక ఇంకొకటి. పౌర్ణమికీ, అమావాస్యకూ ఆటవిడుపు. సంవత్సరానికి కొస అన్నది ఎక్కడా లేదు.

కొసలాంటిది ఒక్కటే ఉండేది, దసరా. పాతతరం వాళ్ళ నోట ఈ సంగతి వినని తెలుగువారుండరు. అయ్యవారు ముందు నడుస్తుంటే పిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులూ, గిలకలూ పట్టుకుని, బుక్కాగులాలు చల్లుతూ, పద్యాలు పాడుకుంటూ ఇంటింటికీ వెళ్ళేవారు. ఆ పాటలో అయ్యవారి వాటా వరహాల్లో, పిల్లల వాటా పప్పుబెల్లాల్లో ఉంటుంది. దీన్ని భిక్షాటన అని తీసిపారేసినవాళ్ళున్నారు. నాకు అలా తోచదు. ఏడాది పొడుగునా అరుగు మీద మూల కూర్చుని చదివిన పిల్లలు ఆ రోజున ఊరంతటికీ తమ గొంతు వినిపించేవారు. ఎవరి అబ్బాయి ఎంత బాగా పద్యం చెబుతున్నాడో ఊరివారికి తెలిసేది, పంతులుగారి పనితనమూ తెలిసేది. ఆ మూడు నాలుగు రోజులూ పుస్తకాలు సరస్వతి పూజలో ఉండేవి, చదవకూడదు. విజయదశమి నాడు మళ్ళీ తెరిస్తే అదే కొత్త చదువుకు శుభారంభం. ఒక విధంగా చూస్తే ముగింపు, సెలవులు, పునఃప్రారంభం అన్నీ వారం రోజుల్లో అయిపోయేవన్నమాట.

ఇప్పుడు ఇటు వద్దాం. అదే కాలంలో అమెరికా పల్లెల్లో ఉన్నది ఒక్క గది బడి. ఐదేళ్ళ పిల్ల నుంచి పదిహేడేళ్ళ కుర్రాడి దాకా అందరూ ఒకే పొయ్యి చుట్టూ. మనలో చాలామంది అనుకునేదీ, ఇక్కడివారు కూడా చాలామంది చెప్పేదీ ఏమిటంటే, పొలం పనుల కోసం వేసవి సెలవులు పుట్టాయని. కొంచెం వ్యవసాయం తెలిసినవారికి ఈ మాట పొసగదు. విత్తనాలు వేసేది వసంతంలో, కోతలు శరదృతువులో. నిజానికి పల్లె బళ్ళు చలికాలం ఒక విడత, వేసవిలో ఒక విడత నడిచేవి. వేసవి విడతలో ఎక్కువగా చిన్నపిల్లలూ ఆడపిల్లలూ, చెప్పేది ఒక పడుచు టీచరమ్మ. చలికాలం విడతకు పొలం పని లేని పెద్ద కుర్రాళ్ళు వచ్చేవారు, వాళ్ళను అదుపులో పెట్టడానికి మగ పంతులు. ఈ పంతుళ్ళు వంతులవారీగా పిల్లల ఇళ్ళలో భోంచేసి అక్కడే పడుకునేవారు. మన దేశంలో వారాలు చేసుకున్నది విద్యార్థులు, ఇక్కడ వారాలు చేసుకున్నది పంతుళ్ళు!

ఒక్కొక్క విడత ముగిసే రోజున "ఎగ్జిబిషన్" జరిగేది. ఊరివారంతా వచ్చి బల్లల మీద కూర్చునేవారు. పిల్లలు పద్యాలు అప్పజెప్పడం, నోటిలెక్కలు చెయ్యడం, స్పెల్లింగు పోటీలు, చిన్న నాటికలు. పంతులు తనకు తోచినవారికి రంగురంగుల "రివార్డ్ ఆఫ్ మెరిట్" కార్డులిచ్చేవాడు. కార్డు మీద ఒక పిట్టో, పువ్వో, కింద పిల్ల పేరు, పంతులు సంతకం. మరికొంతకాలానికి విడత చివర టీచరే పిల్లలందరి పేర్లూ అచ్చు వేయించిన చిన్న జ్ఞాపిక పుస్తకం ఇచ్చే ఆనవాయితీ వచ్చింది. ఆ పేర్ల జాబితాలో మొద్దబ్బాయి పేరూ ఉండేది, చురుకైన అమ్మాయి పేరూ ఉండేది. పాత వస్తువులమ్మే దుకాణాలలో ఇవి ఇప్పటికీ దొరుకుతాయి. నూరేళ్ళు దాటినా ఎవరో దాచుకున్నారంటేనే వాటి విలువ తెలుస్తోంది. ఎగ్జిబిషన్‌లో నటన లేదనను. పంతులుకు వచ్చే విడతకు ఉద్యోగం ఉంటుందో లేదో ఆ సాయంత్రమే తేలేది, అందుచేత బాగా వచ్చినవాణ్ణే లేపి అడగడం మామూలే. అయినా ఆ చివరి రోజున చదువు ఊరిదయ్యేది. అరుగుబడి దసరాకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

పట్టణాల్లో పద్ధతి కొంచెం వేరు. 1790లో చనిపోయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన వీలునామాలో బోస్టన్ ఉచిత పాఠశాలలకు నూరు పౌన్లు వదిలాడు, దాని వడ్డీతో ఏటేటా మంచి విద్యార్థులకు వెండి పతకాలివ్వమని. ఆ పతకాలు మొదట మగపిల్లలకే. ఏటా బడి కమిటీ పెద్దలు వచ్చి నోటిప్రశ్నలు వేసి, పతకాలు పంచి, మెచ్చుకుని వెళ్ళేవారు. వేలమంది పిల్లలను కొద్ది రోజుల్లో నోటితో పరీక్షించడం ఎంత బాగా జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

దీన్ని తలకిందులు చేసినవారిలో ముఖ్యుడు మొదటి డాక్టరు, శామ్యూల్ గ్రిడ్లీ హౌ. హార్వర్డులో 1824లో వైద్యం చదివి, గ్రీసు స్వాతంత్ర్య యుద్ధంలో శస్త్రవైద్యుడిగా పనిచేసి, తర్వాత బోస్టన్‌లో అంధుల పాఠశాల నడిపిన మనిషి. మాసచూసెట్స్ విద్యాబోర్డు కార్యదర్శి హొరేస్ మన్‌కు ఆప్తమిత్రుడు. 1845లో హౌ, ఆయన తోటి కమిటీ సభ్యులూ బోస్టన్ గ్రామర్ స్కూళ్ళకు ముందుగా చెప్పకుండా అచ్చువేసిన ప్రశ్నపత్రాలతో వెళ్ళారు. పై తరగతుల నుంచి ఏరిన సుమారు 530 మందిని కూర్చోబెట్టి, గడియారం పెట్టి, జవాబులు రాయమన్నారు. సరైన జవాబులు నూటికి ముప్పై. ఎంబార్గో ఎప్పుడు విధించారో చెప్పగలిగిన పిల్లలు ఎంబార్గో అంటే ఏమిటో చెప్పలేకపోయారు. తమాషా ఏమిటంటే ఇరవై రెండేళ్ళ ముందు బళ్ళారి కలెక్టరు మన పిల్లల గురించి చేసిన ఫిర్యాదు కూడా ఇదే. పద్యాలు వందలకొద్దీ వచ్చు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంత!

ఇక్కడినుంచి బడి ముగింపు రూపం మారిపోయింది. ఊరివారి ఎదుట నిలబడి నోటితో చెప్పే చదువు పోయి, ఎవరికీ కనిపించని కాగితం మీద రాసే చదువు వచ్చింది. హౌ ఉద్దేశం మంచిదే. పలుకుబడి ఉన్నవారి పిల్లవాడికీ, లేనివారి పిల్లవాడికీ ఒకే ప్రశ్నపత్రం అన్నది చిన్న సంగతి కాదు. ఆ న్యాయం వల్లనే గదా మనలో చాలామందిమి ఎంట్రన్సులు రాసి, పల్లెటూళ్ళ నుంచి ఇంత దూరం రాగలిగాము. అయితే ఒక రోగానికి వేసిన మందు మరొక రోగాన్ని తెచ్చిపెట్టడం మన వృత్తిలో కొత్త కాదు.

1848లో బోస్టన్‌లోనే క్విన్సీ గ్రామర్ స్కూలు తెరిచారు. పన్నెండు గదులు, ఒక్కొక్క గదికి ఒక టీచరు, గదికి 56 బల్లలు, పిల్లలందరినీ తరగతులుగా విడగొట్టి కూర్చోబెట్టారు. అంతకుముందు పెద్ద పట్టణాల్లో ఒకే హాలులో వందలమందిని పెద్దపిల్లల చేత చెప్పించే లాంకస్టర్ పద్ధతి ఉండేది. 1806లో న్యూయార్కులో మొదలైన ఈ పద్ధతికి తోబుట్టువు మన మద్రాసులోనే పుట్టింది. ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, మన వీధి బడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. లాంకస్టర్ బళ్ళ ఇసుక బల్లలకూ మన వీధి అరుగుకూ అలా చుట్టరికముంది. సరే, దారి తప్పాను. గదికి ఒక తరగతి ఏర్పడిన తర్వాతే "ఈ ఏడు రెండో తరగతి, వచ్చే ఏడు మూడు" అన్న మాటకు అర్థం వచ్చింది. దానితోపాటే ఏడాది చివర గుమ్మం దాటేవాడూ, ఉన్నచోటే ఉండిపోయేవాడూ తయారయ్యారు. 1909లో లియొనార్డ్ అయర్స్ వేసిన అంచనా ప్రకారం అమెరికా బడిపిల్లల్లో ఆరుగురిలో ఒకరు చదివిన తరగతే మళ్ళీ చదువుతున్నారు. ఆ పిల్లలకు బడి చివరి రోజు ఎలాంటిదై ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో ఈ తర్కం ఇంకొక మెట్టు ఎక్కింది. రాబర్ట్ లోవ్ 1862లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఇన్స్పెక్టరు ముందు పిల్లవాడు చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో తప్పితే ఒక్కొక్కదానికి బడి గ్రాంటులో రెండు షిల్లింగుల ఎనిమిది పెన్సులు కోత. మద్రాసు రాజధానిలోకి కూడా 1860ల్లోనే ఈ "ఫలితాన్ని బట్టి గ్రాంటు" వచ్చింది. వీధి బడి పంతులుకు దసరా వరహాల స్థానంలో ఇన్స్పెక్టరు గారి రాక ముఖ్యమైపోయింది. ఊరి ఎదుట పద్యం చెప్పిన పిల్లవాడు ఇప్పుడు గ్రాంటు తెచ్చే పిల్లవాడయ్యాడు, లేదా గ్రాంటు పోగొట్టే పిల్లవాడయ్యాడు. ఆ గ్రాంటుల పద్ధతి పోయి నూరేళ్ళు దాటింది. దాని నీడ మాత్రం మన బళ్ళ మీద చాలాకాలం ఉంది. మనం చదువుకున్న రోజుల్లో ఏప్రిల్‌లో చివరి పరీక్ష కాగానే జరిగినదేమిటి? చొక్కాల మీద సిరా చల్లుకుని, కేకలేసుకుంటూ ఇంటికి పోవడం. ఏప్రిల్ 23 ప్రాంతంలో గోడకు అంటించిన జాబితాలో నెంబరు చూసుకోవడం. అంతటితో సరి. ఏడాదంతా పక్కన కూర్చున్నవాడికి వెళ్ళొస్తానని చెప్పిన జ్ఞాపకం నాకు లేదు. చదువు అయిపోవడమంటే పరీక్ష అయిపోవడమే అని మనం నేర్చుకున్నది అక్కడే.

ఇక సెలవుల సంగతి, రెండవ డాక్టరు సంగతి. 1840ల్లో అమెరికా నగరాల బళ్ళు దాదాపు ఏడాది పొడుగునా నడిచేవి. న్యూయార్కులో 248 రోజులు, ఫిలడెల్ఫియాలో 251, డెట్రాయిట్‌లో 260 దాకా. ఇప్పటి 180 రోజులతో పోల్చి చూడండి. ఆ రోజుల్లో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డులో వైద్యం చేసిన అమరయ్య బ్రిగమ్ 1832లో ఒక పుస్తకం రాశాడు. (పేరు చూసి మనవాడనుకోకండి! బైబిలులోని పేరే.) లేత వయసులో మెదడుకు ఎక్కువ పని పెడితే అది దెబ్బతింటుందనీ, పెద్దయ్యాక పిచ్చికి కూడా దారితీస్తుందనీ ఆయన వాదం. 1843లో తెరిచిన యూటికా మానసిక చికిత్సాలయానికి మొదటి అధిపతి ఆయనే. మరుసటి సంవత్సరం, తర్వాత అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్‌గా మారిన సంఘాన్ని స్థాపించిన పదముగ్గురిలో ఒకడు. మెదడు గురించి ఆయన చెప్పింది ఈనాటి వైద్యం ఒప్పుకోదు. కాని ఆ కాలంలో ఆ మాటకు గౌరవం ఉండేది. దానికి తోడు, ఇటుక కట్టడాలలో వేసవి ఉక్క, అంటురోగాల భయం, టీచర్లకు శిక్షణ తరగతులు జరపడానికి కొంత వ్యవధి కావాలన్న ఆలోచన. అన్నిటినీ మించి, డబ్బున్న కుటుంబాలు ఎండలు ముదరగానే పిల్లల్ని తీసుకుని పల్లెలకూ, సముద్రతీరాలకూ పోయేవి. సగం ఖాళీ గదులకు పాఠం చెప్పడం దండగని నగరాల వారు వేసవిలో బళ్ళు మూయడం మొదలుపెట్టారు. పల్లెల్లో బడి రోజులు పెరుగుతూ, పట్టణాల్లో తరుగుతూ చివరకు రెండూ ఒకచోట కలిశాయి. 1869–70లో దేశం మొత్తం మీద బడి సగటున 132 రోజులు నడిచింది, ఒక్కొక్క పిల్లవాడు సగటున 78 రోజులు వెళ్ళాడు. 1929–30 నాటికి బడి రోజులు 172 దాటాయి.

అంటే, సెలవులకన్నా ముందే పిల్లల్ని తీసుకుపోయే తల్లిదండ్రుల వల్లనే ఈ దేశంలో సెలవులు పుట్టాయి. మన టిక్కెట్ల బేరానికి ఇంత పాత చరిత్ర ఉందని తెలిసి నవ్వుకున్నాను.

ఇరవయ్యో శతాబ్దంలో ఎలిమెంటరీ స్కూళ్ళలో పై తరగతికి పంపడం దాదాపు అందరికీ మామూలయ్యాక చివరి రోజు మీద ఉన్న భయం పోయింది. ఆ ఖాళీలోకి పాత ఎగ్జిబిషన్ వేరే వేషంలో తిరిగివచ్చింది. మనం చూసే ఫీల్డ్ డే, పాటల కార్యక్రమం, తల్లిదండ్రులను పిలిచి పిల్లలు తాము రాసినవి చదివి వినిపించడం, క్లాసు పిల్లలంతా సంతకాలు చేసే పుస్తకం. కొన్నిచోట్ల ఇది వట్టి కాలక్షేపమే, సినిమా వేసి కూర్చోబెట్టడమే. ఆ మాట దాచను. గోడమీద బొమ్మలన్నీ జూన్ మొదటి వారానికే పీకేసి, పెట్టెల్లో సర్దేసిన గదిలో పిల్లలు రెండు వారాలు ఉండడం చూశాను. రైల్వే ప్లాట్‌ఫారం మీద సామాను పక్కన కూర్చున్నట్టుంటుంది. అలాంటి గదిలో అల్లరి పెరగకపోతేనే ఆశ్చర్యం.

బాగా చేసే టీచర్లు వేరేగా చేస్తారు. మా అమ్మాయి రెండో తరగతి టీచరమ్మ చివరి రోజు దాకా ఉదయం పాఠాల క్రమం మార్చలేదు. ఒక పెద్ద కథల పుస్తకం రోజుకొక అధ్యాయం చదువుతూ, ఆఖరి అధ్యాయం ఆఖరి రోజుకు మిగిలేలా చూసింది. సెప్టెంబరులో పిల్లలు రాసిన మొదటి కాగితాన్ని దాచి ఉంచి, జూన్‌లో రాసిన దానితో కలిపి వాళ్ళ చేతికిచ్చి, తేడా వాళ్ళనే చెప్పమంది. వచ్చే ఏడు ఆ గదిలోకి రాబోయే పిల్లలకు ఒక్కొక్కరి చేతా ఉత్తరం రాయించింది. మా అమ్మాయి ఉత్తరంలో ఉన్నది మూడే వాక్యాలు. తీసివేతలకు భయపడవద్దని, కిటికీ పక్క బల్ల చలికాలంలో చల్లగా ఉంటుందని, టీచరుకు కోపం వస్తే గొంతు చిన్నదవుతుందని. ఏడాదంతా ఆ పిల్ల ఏం గమనించిందో ఏ పరీక్షకూ దొరకదు.

వైద్యుడిగా ఒక మాట. టొరంటోలో డొనాల్డ్ రెడెల్‌మయర్ అనే డాక్టరు, మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ కలిసి చేసిన పరిశోధన మన వృత్తివారికి తెలిసినదే. 2003లో వెలువడిన వారి వ్యాసంలో కొలొనోస్కొపీ చేయించుకున్న 682 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి పరీక్ష అయిపోయాక కూడా గొట్టాన్ని కదపకుండా కొద్ది నిమిషాలు ఉంచి, నెమ్మదిగా తీశారు. మొత్తం బాధపడిన సమయం ఎక్కువే అయినా, చివర తేలికగా ముగిసినందువల్ల వాళ్ళకు ఆ పరీక్ష అంత చెడ్డగా గుర్తులేదు. మళ్ళీ పరీక్షకు రావడానికి కూడా వాళ్ళే కొంచెం ఎక్కువగా సుముఖులు. కొలొనోస్కొపీనీ రెండో తరగతినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదని ఒప్పుకుంటాను. ఒక గంట పనికి వర్తించినది పది నెలలకు వర్తిస్తుందని రుజువేమీ లేదు. అయినా చివర ఎలా జరిగిందన్నది జ్ఞాపకంలో తన కొలతకు మించిన చోటు తీసుకుంటుందని మాత్రం నమ్ముతాను.

మన డాక్టరు కుటుంబాలకు ఈ విషయం ఇంకా దగ్గరగా తగులుతుంది. ఈ దేశంలో రెసిడెన్సీ, ఫెలోషిప్ అన్నీ జూలై 1న మొదలవుతాయి. ఓరియంటేషన్ అంతకు వారం పది రోజుల ముందు. అందువల్ల మన ఇళ్ళలో ఊరు మారడమంటే జూన్ నెలే. మూడేళ్ళు ఒక ఊరు, రెండేళ్ళు ఇంకొకటి, తర్వాత వీసా కోసం ఏ మారుమూల పట్టణమో. తండ్రికో తల్లికో కొత్త ఆసుపత్రి, కొత్త హోదా. పిల్లకు మాత్రం ఉన్న స్నేహితులంతా ఒక్కసారిగా పోవడం. అలాంటి పిల్లను జూన్ ఐదో తారీకునే బడి మాన్పించి, పెట్టెలు సర్దే గొడవలో పడేస్తే, రెండు శతాబ్దాల కిందట బళ్ళారి జిల్లాలో పలక ఆగిపోయిన పిల్లవాడికీ ఈ పిల్లకూ ఒక్క పోలిక మిగిలిపోతుంది. ఎవరూ వెళ్ళిరమ్మని చెప్పలేదు. కడుపునొప్పి అంటూ వచ్చే బడిపిల్లలను అందరమూ చూస్తూనే ఉంటాము. 1958లో ఏప్లీ, నేయిష్ అనే ఇంగ్లీషు వైద్యులు వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి, పదిమందిలో ఒకరికి పైగా మాటిమాటికీ కడుపునొప్పి వస్తోందనీ, వారిలో చాలామందికి శరీరంలో జబ్బేమీ కనబడలేదనీ రాశారు. అలాంటి పిల్లలు వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్నల్లో "ఈమధ్య ఇల్లు మారారా, బడి మారారా" అన్నది ఒకటి.

సెలవుల్లో చదువు మరిచిపోతారన్న భయంతో లెక్కల పుస్తకాలు కొని పెట్టెలో పెట్టుకుని వెళ్ళేవారు మనలో ఉన్నారు. 1996లో హారిస్ కూపర్ బృందం 39 పరిశోధనలను కలిపి చూసి, వేసవి తర్వాత పరీక్షల్లో సగటున ఒక నెల చదువు వెనకబడినట్టుందని తేల్చింది. తర్వాతివారు ఆ లెక్కను ప్రశ్నించారు కూడా. పుస్తకాలు కొనండి, తప్పులేదు. కాని లెక్కల్లో పోయిన నెల గురించి అంత బాధపడేవారు జూన్‌లో తామే తీసేస్తున్న మూడు వారాలను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఊరు మారుతున్నవారు టీచరుకు ఏప్రిల్‌లోనే ఆ సంగతి చెప్పాలి. చాలామంది మొహమాటపడి చివరి వారం దాకా చెప్పరు. ముందుగా తెలిస్తే పిల్ల చేత వీడ్కోలు ఉత్తరం రాయించడానికీ, క్లాసు ఫొటో ఒకటి ఇవ్వడానికీ, కొత్త బడివారికి పనికివచ్చేలా పిల్ల రాత నమూనాలు తీసిపెట్టడానికీ టీచరుకు వ్యవధి ఉంటుంది. టీకాల కాగితం, రికార్డుల బదిలీ కాగితం అప్పుడే అడిగి తీసుకుంటే ఆగస్టులో ఫోన్లు చేసే బాధ తప్పుతుంది. రెండు మూడు ఇళ్ళ చిరునామాలు పిల్ల సొంత చేతిరాతతో ఒక చిన్న నోటుబుక్కులో రాయించండి. మీ ఫోనులో ఉంటే అవి మీవవుతాయి గాని పిల్లవి కావు.

టిక్కెట్ల విషయంలో మరొక్క సంగతి. మంచు పడే రాష్ట్రాలలో ఫిబ్రవరిలో బడి మూసిన రోజులను చాలా జిల్లాలు జూన్ చివర కలుపుతాయి. సెప్టెంబరులో ఇచ్చిన క్యాలెండరులోని చివరి తేదీని నమ్మి జనవరిలోనే టిక్కెట్టు కొన్నవారికి ఆ తేదీ మూడు నాలుగు రోజులు ముందుకు జరగవచ్చు. క్యాలెండరు అడుగున చిన్న అక్షరాలలో ఎన్ని మంచు రోజులు కలుపుతారో రాసి ఉంటుంది. దాన్ని చూసి, ఆ తర్వాతి శనివారానికి కొనుక్కుంటే బంగినపల్లి దొరక్కపోయినా నీలాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.